అక్క మాట, నా పేరు

హైదరాబాద్, లేడీస్ హాస్టల్
17 జూలై 2011

ప్రియమైన రమక్కకు నీ చెల్లెలు యమున వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

బడిల నేర్పిన లైన్లు గీ మూడే అక్కా. ఇగ నాకచ్చినట్టు రాస్త.

బావ నన్ను దించిపోయిన తెల్లారే పాఠాలు మొదలైనయి. ఆ దినం నా పెట్టె నెత్తిన వెట్టుకోని బావ గేటు కాడ నిలవడితే, వాచ్‌మెన్ కూలీ మనిషనుకున్నడు. 'పెట్టె ఆడ దించి పో' అన్నడు. నాకు కోపమొచ్చింది. బావ మాత్రం 'పోత గని సారూ, మా మరదలును జర సూసుకోరి' అని నవ్విండు. ఇప్పుడు నేను ఎప్పుడు గేటు దాటినా గా వాచ్‌మెన్ 'మీ బావ మంచిగున్నడా' అని అడుగుతడు.

మొదటి ఏడాదోళ్లకు హాస్టల్ల సెల్లు ఉండనియ్యరు. వార్డెన్ గదిల ఒక ఫోనుంది గని దాని ముందట లైను. ఎనుకనున్నోళ్లు ఇనుకుంట నిలవడితే ఏం మాట్లాడుతం. గందుకే ఉత్తరం. ఇంకో కారణం సుత ఉన్నది.

డిగ్రీ మొదటి ఏడాదోళ్లకు ఈసారి కొత్త క్లాసొకటి వెట్టిన్రు. రాసుడు నేర్పే క్లాసు. అమ్మణ్ణి మేడం చెప్తది. ఆమెది గోదావరి జిల్లా. 'ఏమ్మా, అలాగేనా' అనుకుంట నెమ్మదిగ మాట్లాడుతది. మొదటి దినమే అందరికి ఒక కాయితం పంచింది. ఏడాది తిరిగేవరకు మాకు ఏమేం రావాల్నో అండ్ల టైపు చేసున్నది. ఎవ్వలు చదువుతరో ఎరుకుండి రాయాలెనట. ఒక్కసారి రాసి వదిలిపెట్టకుంట మళ్ల మళ్ల రాయాలెనట. రాసిన దాంట్ల ఒక గట్టి మాట ఉండాలె, దానికి రుజువు చూపియ్యాలె. వేరేటోళ్ల మాట తీసుకుంటే అది ఎవ్వలదో చెప్పాలె. తోటోళ్లు రాసింది చదివి మంచిచెడ్డ ముఖం మీదనే చెప్పాలె. ఇంక ఉన్నయి. ఆ కాయితం నకలు తీసి దీంట్ల పెడుతున్న, చూడు.

పోతె, ఏడాదంత ఒక మనిషికి ఉత్తరాలు రాసి, వచ్చిన జవాబులు ఫైలుల దాచాలె. అందరు అమ్మనో దోస్తునో చెప్పిన్రు. నేను నీ పేరు రాయిచ్చిన. నువ్వు ఇంటర్ల చదువు ఆపకపోతే ఇయ్యాల ఈ క్లాసుల నువ్వే ఉండేదానివి.

హారిక బోర్లా పడుతుందా. దాని బుగ్గ మీద నా పేరు చెప్పి ఒక ముద్దు వెట్టు.

నీ చెల్లె,
యమున


గోదావరిఖని
3 ఆగస్టు 2011

యమునా,

నీ ఉత్తరం మూడు పాలి చదివిన. ఒకసారి నాకు, ఒకసారి అత్తకు, ఒకసారి మీ బావకు.

కాయితం బీరువా తలుపుకు లోపట అతికిచ్చిన. మీ బావ బొగ్గుబాయి డ్యూటీ నుంచి వచ్చి చదివి, 'గిది మా ఓవర్‌మెన్‌కు ఒకటియ్యాలె, ఆయన రాసిన రిపోర్టు ఆయనకే సమజ్ గాదు' అన్నడు. అత్త అయితే 'ఎవ్వలు చదువుతరో ఎరుకలేకుంట ఎవ్వడన్న రాస్తడా, గిదిసుత చదువేనా' అన్నది. మా అత్త లస్మవ్వకు క్లాసు అప్పజెప్పితే మీ మేడంకు సెలవియ్యచ్చు.

బాపు పోయినంక నేను పుస్తకం పట్టలే. గల్లీల ఎవ్వలకన్న దరఖాస్తు కావాలంటే నాకాడికే వస్తరు. బదిలీ, క్వార్టరు, సెలవు. అన్నిట్ల 'తమ దయకు పాత్రుడను' అని రాసి ఇస్త. గా కాయితం చూసినంక నవ్వొచ్చింది. ఒక్కదాంట్ల సుత ఆ మనిషి మాట లేదు. మొన్న ఎనుకింటి అవ్వ వచ్చింది, ఇల్లు కురుస్తుందని రాయుమన్నది. 'దయచేసి' అని మొదలువెట్టి ఆపిన. 'నువ్వేమంటవో చెప్పవ్వా' అన్న. 'వాన మా ఇంట్ల పడి, మా ఇంట్లకెల్లి బయటికి పోతుంది' అన్నది. గట్లనే రాసిన. వారంల మనిషొచ్చి చూసిపోయిండు.

నీ బిడ్డ బోర్లా పడుడు అయిపోయింది, ఇగ పాకుతుంది. కింద రెండు పండ్లొచ్చినయి. మీ బావ వేలు దొరికితే వదలది. నువ్వు హారిక అంటవు, అత్త పోశవ్వ అంటది, మీ బావ 'సార్' అంటడు. 'సార్ లేచిన్రా, సార్ పాలు తాగిన్రా.'

మంచిగ చదువు. బావ నీ మీద పానం వెట్టుకున్నడు. 'మా ఇంట్ల ఒక్కరన్న పట్టా పట్టాలె' అని బాయిల అందరితోని చెప్తుండట.

నీ అక్క,
రమ


హైదరాబాద్
20 సెప్టెంబర్ 2011

అక్కా,

మొదటిది రాసి ఇచ్చిన. 'మా ఊరు' అని. గోదావరి నది, నల్ల బంగారం, శ్రమజీవుల చెమట, అన్ని వెట్టి నాలుగు పేజీలు. మేడం ఎర్ర పెన్నుతోని ఒక్కటే ముక్క రాసింది: 'ఇందులో నువ్వెక్కడున్నావు?'

రెండోసారి మన మాటల్ల రాసిన. క్లాసుల నిలవడి చదువుమంటే చదివిన. 'గిట్ల' అన్న కాడ ఒకామె కిసుక్కున నవ్వింది, ఆమెతోని ఇంకో నలుగురు. మేడం నవ్వలే. 'మా ఊళ్ళో నా మాట విని కూడా పట్నంవాళ్ళు ఇలాగే నవ్వేవారు. చదువమ్మా' అన్నది. ఆఖరుదాక చదివిన. అయిపోయినంక 'మాట నీదే, బాగుంది. విషయం ఇంకా నీది కాలేదు' అన్నది. ఎట్ల అయితదో నాకు సమజ్ గాలే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది గద. పాఠాలు బందయినయి. హాస్టల్ల సగం మంది పోయిన్రు. బస్సులు లేవు, రైళ్లు ఎప్పుడు ఆపుతరో తెల్వది, నన్ను కదలొద్దని బావ వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పిండు. బాయిలల్ల పని బందేనా. బావ దినాం శిబిరానికి పోతుండా. ఆయన డప్పు కొడితే నలుగురు జమైతరు, నాకెరుకే.

యమున


గోదావరిఖని
29 అక్టోబర్ 2011

యమునా,

నువ్వు వచ్చి పదకొండు రోజులుండి పోయినవ్. నేను నీతోని ఏం మాట్లాడలే. నువ్వు తల దువ్వినవ్, అన్నం కలిపి నోట్లె వెట్టినవ్. రైలెక్కెటప్పుడు 'ఏమన్న చెప్పక్కా' అన్నవ్. నోట్లెకెల్లి రాలే. రాస్తెనన్న వస్తదేమోనని కూసున్న. గిది నీ ఒక్కదానికే.

దసరా పోయిన మూడో దినం. పొద్దుగాల బిడ్డ ఒళ్లు వేడిగున్నది. శిబిరంల ఆ దినం మీ బావ బాయోళ్ల వంతు. ఆయన పోయిండు. నేను జరం మందు తాపిన, తడిబట్ట వేసిన. పదింటికి జరం దిగింది. పాలు తాగింది. నన్ను చూసి నవ్వింది. నవ్వింది యమునా, గది నేను కలగనలే. బియ్యం కడిగి పొయ్యి మీద వెట్టిన.

బిడ్డను పండవెట్టిన తొట్టెల చప్పుడైంది. పోయి చూస్తె కండ్లు మీదికి పోయినయి. చేతులు కొట్టుకుంటున్నయి. నేను తీసుకోని ఉరికిన. చెప్పులు లేవు, పొయ్యి బంద్ చెయ్యలే. మీ బావకు ఫోన్ చేసిన. మళ్ల చేసిన. ఎన్నిసార్లు చేసిన్నో. ఎత్తలే.

బస్సుల్లేవు. మన గల్లీ సదయ్య సమ్మెకని ఆటో ఇంటి ముందట ఆపి కూసున్నడు. నన్ను చూడంగనే బండి తీసిండు. చౌరస్తాల వంటావార్పని రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి వంటలు చేస్తున్నరు. మమ్ముల చూసి ఉడుకుతున్న అన్నం గంజులను గుడ్డలతోని పట్టి పక్కకు జరిపిన్రు. ఒకాయన చెయ్యి కాలింది, నేను చూసిన. తొవ్వ ఇచ్చిన్రు. ఎవ్వలు ఆపలే.

దవాఖానల డాక్టరమ్మ రెండు గంటలు బిడ్డ కాడికెల్లి కదలలే. అటెన్క ఆమె నా భుజం మీద చెయ్యేసింది. నాకు తెలిసింది.

మీ బావ అప్పుడొచ్చిండు. ఎవ్వలో చెప్తె ఉరికొచ్చిండు. మెడల కండువ. పొద్దటి నుంచి డప్పు కొడుతుండెనట, జేబుల ఫోను ఇనవడలే. బిడ్డను చేతులల్ల తీసుకున్నడు. ఆయన వేళ్లు ఇంక కదులుతున్నయి యమునా. దరువు ఆగలే. ఆయనకు తెల్వకుంటనే ఆ వేళ్లు బిడ్డ ఈపు మీద కొట్టుకుంటున్నయి.

నేను ఆయనను ఒక్క మాట అనలే. అనను. గని లోపట ఒకటి తిరుగుతనే ఉన్నది. ఆయన ఇంట్ల ఉంటే. ఉంటే ఏమయ్యేదో నాకెరుకలేదు, డాక్టరమ్మ సుత చెప్పలే. అయినా తిరుగుతది. ఇది నీకు తప్ప ఎవ్వలకు చెప్ప. మీ బావకు ఎన్నడు తెల్వద్దు.

రమ


హైదరాబాద్
20 నవంబర్ 2011

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చేరింది. ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. చదివిన ప్రతిసారీ నువ్వు నా పక్కనే కూర్చుని చెబుతున్నట్టు అనిపించింది. నువ్వు మనసులో ఉన్నది బయటికి చెప్పుకోవడం మంచిదే.

నాకు కొన్ని సంగతులు తెలుసుకోవాలని ఉంది. ఎందుకని అడగవద్దు. నువ్వు ఆ రోజు హారికను ఏ బట్టలో చుట్టుకుని పరుగెత్తావు, అది ఏ రంగు? ఆసుపత్రిలో ఎటువైపు మంచం? బావ వచ్చాక మొదట ఏమన్నాడు? జవాబు రాయడం కష్టమనిపిస్తే రాయకు.

నా చదువు సాగుతోంది. మళ్ళీ పాఠాలు మొదలయ్యాయి. ఏడాది చివర పెద్ద వ్యాసం ఒకటి ఇవ్వాలి. అందులోంచి ఒకటి కాలేజీ పత్రికలో అచ్చు వేస్తారట.

ఇట్లు,
నీ చెల్లెలు యమున


గోదావరిఖని
11 డిసెంబర్ 2011

యమునా,

నీ ఉత్తరం పుస్తకం లెక్కున్నది. పట్నం నీళ్లు గట్ల చేస్తయి గావచ్చు. పర్వలేదు.

నువ్వు అడిగితే నాకు మంచిగనిపిచ్చింది. ఇక్కడ ఎవ్వలు అడుగరు. వచ్చినోళ్లు 'మళ్ల పుడుతరు తియ్యి' అంటరు. బిడ్డ పేరు ఎత్తరు. అది ఈ ఇంట్ల పుట్టనే లేదన్నట్టు మాట్లాడుతరు. నువ్వు బట్ట రంగు అడిగినవ్. ఆ ఒక్క మాటకు నేను ఆ దినం మొత్తం ఏడ్చిన, అటెన్క కడుపు తేలికైంది.

పసుప్పచ్చ తువ్వాల. నీలం అంచు. నువ్వే కొన్నవ్ పురుటికి. మంచం కిటికీ దిక్కు. మీ బావ వచ్చి మొదట అన్న మాట, 'సార్ పండుకున్నరా' అని. బిడ్డ పోయిందని ఆయనకు అప్పటికి ఎవ్వలు చెప్పలే.

ఆయన డ్యూటీకి పోతుండు. డప్పు ఎవ్వలకో ఇచ్చేసిండు. ఆదివారం పొద్దుగాల పాతిపెట్టిన కాడికి పోతడు, నన్ను రమ్మని అనడు. నేను పోత అనను. వచ్చినంక కాళ్లు కడుక్కొని, చాయ్ తాగి, 'ఎండ మంచిగనే ఉన్నదక్కడ' అంటడు. గంతే. ఆ మాట ఎందుకంటడో నాకెరుకే. దానికి సలి వెట్టదని.

ఇంకేమన్న అడుగాల్నంటే అడుగు. నీకు చెప్తుంటే అది ఇంక ఉన్నట్టే ఉంటది.

నీ అక్క


హైదరాబాద్
4 మార్చి 2012

ప్రియమైన అక్కకు,

నా వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. పత్రికలో కూడా వేశారు. ఏదో మామూలు వ్యాసమే. కాపీలు తక్కువ వచ్చాయి, దొరికితే తర్వాత ఎప్పుడైనా పంపుతాను.

పరీక్షలు దగ్గర పడ్డాయి కనుక కొన్నాళ్ళు ఉత్తరం రాయలేకపోవచ్చు. బావను అడిగానని చెప్పు. అత్తకు నమస్కారాలు.

యమున


గోదావరిఖని
15 ఏప్రిల్ 2012

యమునకు,

మీ బావ పోయిన ఆదివారం పట్నం వచ్చిండు. ఏదో పని మీద వచ్చి, నీకు మామిడికాయ తొక్కు ఇచ్చిపోదామని హాస్టల్ కాడికి వచ్చిండు. నువ్వు దోస్తులతోని చదువుకునేతందుకు బయటికి పోయినవట. వాచ్‌మెన్ ఆయనను కుర్చీల కూసోవెట్టి, చాయ్ తెప్పిచ్చి, 'నీ మరదలి ఫొటో పడ్డది చూడు, ఫస్టొచ్చింది' అని పుస్తకం చేతుల వెట్టిండట. మీ బావ ఖుషీ అయిండు. రైల్ల పక్కనోళ్లందరికి నీ ఫొటో చూపిచ్చిండట. అటెన్క చదివిండు.

నేను తలుపు తీస్తె, పుస్తకం నా చేతికిచ్చి కాళ్లు కడుక్కోపోయిండు. నేను అక్కడనే నిలవడి చదివిన.

నా ఉత్తరం. ఉన్నదున్నట్టు. గంజులు, వేళ్లు, తువ్వాల, కిటికీ దిక్కు మంచం. కింద నీ పేరు. బిడ్డకు ఏందో వేరే పేరు వెట్టినవ్. దానికి మూడు పేర్లుండె, నువ్వు నాలుగోది వెట్టినవ్.

గంజులు జరిపి తొవ్వ ఇచ్చిన్రని నేను రాసిన. నువ్వు గంజులుంచినవ్, తొవ్వ ఇచ్చింది తీసేసినవ్. డాక్టరమ్మ చెప్పలే అని రాసిన. నువ్వు తీసేసినవ్. ఆఖరుకు నేను రాయని మాట ఒకటి రాసినవ్. 'ఆ తండ్రి ఇంట్లో ఉండి ఉంటే ఆ బిడ్డ బతికేది.' గంత గట్టిగ నాకే తెల్వది, నీకెట్ల తెలిసింది.

ఆయన మూడు దినాలు డ్యూటీకి పోయిండు, వచ్చిండు. నాలుగో దినం 'గోలేటి బాయికి బదిలీ అడిగిన, ఇస్తమన్నరు' అన్నడు. 'ఎందుకు' అన్న. 'నువ్వు నన్ను జూసినప్పుడల్ల గదే యాదికొస్తది గద రమా' అన్నడు. 'నేను నిన్ను ఏమన్న అన్ననా' అన్న. 'అనలే. గందుకే' అన్నడు.

నిన్న పోయిండు. అత్త గడప కాడ కూసోని ఉన్నది, లేస్తలేదు.

బట్ట ఏ రంగని నువ్వు అడిగితే, నా కోసం అడిగినవనుకున్న.

ఇగ నాకు రాయకు.

రమ


హైదరాబాద్
22 ఏప్రిల్ 2012

అక్కా,

రాయొద్దన్నవ్. ఒక్కటి రాస్త. చదువకున్నా సరే.

వాచ్‌మెన్ చెప్పినంక నేను స్టేషన్ దాక ఉరికిన. బండి పోయింది.

నేను నాది మూడుసార్లు రాసిన అక్కా. నేను రాకముందే బిడ్డను మట్టిల పెట్టేసిన్రని, నేను దాని ముఖం సుత చూడలేదని, గది రాద్దామనుకున్న. ప్రతిసారి మేడం 'ఇంకా లోపలికి వెళ్ళు' అని వాపసిచ్చింది. గడువు దగ్గరికొచ్చింది. ఫైలు తెరిస్తే నీ ఉత్తరమున్నది. మొదలు ఒక్క లైను తీసుకున్న. దాని పక్కన నా లైను చచ్చిపోయినట్టు కనవడ్డది. అది కొట్టేసి నీది ఇంకొకటి తీసుకున్న. గట్ల నాది మొత్తం పోయింది. అది నీ ఉత్తరమని పైన ఒక్క ముక్క రాస్తె సరిపోతుండె. రాయలే. ఎందుకంటే అప్పటికే మేడం సగం చదివి 'ఇదీ, ఇప్పుడు నువ్వు రాశావు' అన్నది. ఆ మాట ఎవ్వలన్న నన్ను అంటరని నేను ఎన్ని దినాల సంది చూస్తున్ననో.

గట్టి మాట ఒకటి ఉండాలె, దానికి అడ్డమొచ్చింది తీసెయ్యాలె అనుకున్న. తొవ్వ ఇచ్చినోళ్లు అడ్డమొచ్చిన్రు. డాక్టరమ్మ అడ్డమొచ్చింది. నన్ను చదివిస్తున్న మనిషి మీద ఆఖరి లైను రాసి, మంచిగ కుదిరిందనుకున్న. నిజంగ గట్లనే అనుకున్న అక్కా.

మొన్న మేడం కాడికి పోయి నీ ఉత్తరం ముందల వెట్టిన. రెండు పక్కపక్కన పెట్టుకోని చదివింది. 'ఈవిడ ఎవరికోసం రాసిందో ఈవిడకు తెలుసు. నువ్వు ఎవరికోసం రాశావమ్మా' అన్నది. మళ్ల ఆమెనే, 'నేనూ అడగవలసింది అడగలేదు. నీ వయసు పిల్ల ఇది ఎలా చూసిందని అడగకుండా, బాగుందని మురిసిపోయాను' అన్నది. బహుమతి వాపసు తీసుకున్నరు. క్లాసు ముందట నేనే చెప్పిన. అది కష్టమనిపియ్యలే. బావ రైల్ల పక్కనోళ్లకు నా ఫొటో చూపిచ్చిండని నువ్వు రాసినవ్ సూడు, గది.

యమున


దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్
9 డిసెంబర్ 2012

అక్కా,

ఎండాకాలం వచ్చిన. అత్త మంచినీళ్లిచ్చింది. నువ్వు లోపటి అర్రలకెల్లి రాలే. బయటి బండ మీద పొద్దుమీకె దాక కూసోని వాపసొచ్చిన. గోలేటికి సుత పోయిన. బావ డ్యూటీల ఉన్నడన్నరు, షిఫ్టు దిగేదాక గేటు కాడ నిలవడి, ఆయన కనవడంగనే ఎనుకకు తిరిగి ఉరికిన.

నేను రెండో ఏడాదికి పోలేదు. ఫీజుకని బావ పంపింది 'నేనే సంపాయించి కట్టుకుంట' అని రాసి వాపసు పంపిన. ఇక్కడ టైపింగు దుకాన్ల పని చేస్తున్న. కాలేజీ పిల్లలు వస్తరు, ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేయిచ్చుకుంటరు. పోయినేడు ఇంకొకరిది తెచ్చి 'పేరు మార్చి కొట్టక్కా' అంటరు. నేను కొడుత. పేరు మార్చేకాడ చేతులు ఆగుతయి, మళ్ల కొడుత.

పైన దుకానం అడ్రసు రాసిన. జవాబు కోసం కాదు. నేను ఎక్కడున్ననో నీకు ఎరుకుండాలెనని.

యమున


గోదావరిఖని
8 జూన్ 2014

యమునా,

రెండేండ్లయింది. నీ దుకానం అక్కడనే ఉన్నదో లేదో తెల్వది, అయినా రాస్తున్న.

రాష్ట్రమొచ్చింది గద. రెండో తారీకు నాడు చౌరస్తాల పటాకులు కాల్చిన్రు, డప్పులు కొట్టిన్రు. సదయ్య ఆటోకు పూలు కట్టి గల్లీల పిల్లలందరిని తిప్పిండు. ఆ పిల్లలల్ల మూడున్నరేండ్లది ఎవ్వలని వెతికిన. అత్త తలుపు పెట్టుకొమ్మన్నది. పెట్టుకున్న. లోపట కూసోని ఆ దరువు ఇనుకుంట ఇనుకుంట నేను దాసుకున్నది ఒకటి ఇగ ఓర్సుకోరాలే. తెల్లారి రైలెక్కిన. బెల్లంపల్లిల దిగి, ఆడికెల్లి బస్సుల గోలేటి పోయిన.

మీ బావ బక్కగైండు. నన్ను చూసి 'అమ్మ మంచిగున్నదా' అన్నడు. ఒక్కటే అర్ర. బియ్యం కడుగుతుండు. నేను గడపల నిలవడి చెప్పిన. కూసుంటే చెప్పలేనని నిలవడే చెప్పిన.

నీకు రాసిన ఉత్తరంల నేను ఒకటి రాయలే యమునా. నువ్వు తీసేసినవని నేను నీ మీద కోపం చేసిన. నీకంటె ముందు నేనే తీసేసిన. ఆ పొద్దుగాల బిడ్డ ఒళ్లు వేడిగున్నదని ఆయననే ముందు చూసిండు. 'రమా, ఇయ్యాల నేను పోను, ఎవ్వలన్న కొడుతరు తియ్యి' అన్నడు. నేనే, 'జరమే గద, నీ డప్పు లేకుంటె వాళ్లకు ఎట్ల నడుస్తది, పో' అన్న. 'పక్కానా' అని మళ్ల అడిగిండు. నాకు ఆయన డప్పంటె గర్వం. నలుగురు జైపాల్ పెండ్లామని మర్యాద చేస్తరు. పో అన్న. నీకు మాత్రం 'ఆయన పోయిండు' అని రాసిన.

ఆ మాట రాసుకుంటనే నమ్మిన. నువ్వు దాన్ని అచ్చేసినవ్. అచ్చులో చూసినంక ఇంకింత నమ్మిన.

గిదంత చెప్పిన. ఆయన బియ్యం కడుగుడు ఆపలే. 'ఎరుకే' అన్నడు.

'ఎరుకైతే ఆ దినం పుస్తకం చదివి ఎందుకు చెప్పలే? నువ్వే పొమ్మన్నవని నా ముఖం మీద ఎందుకు అనలే?'

'అంటే నీకేం మిగులుతుండె' అన్నడు.

యమునా, రెండేండ్లు ఆయన ఆ మాట కడుపుల వెట్టుకోని ఒక్కడు అక్కడ వండుకతిన్నడు. బాయిల తోటోళ్లు ఆ పుస్తకం సంగతి అడిగితే 'నిజమే రాసిందిరా' అన్నడట. నా మీదికి రావద్దని.

నేను ఏడ్చిన. ఆయన ఏడువలే. అన్నం వార్చిండు. కంచం ఒక్కటే ఉన్నది, నాకు వెట్టిండు. నేను తిన్నంక కడిగి ఆయన తిన్నడు. 'ఇంటికి రా' అన్న. 'ఆ తొట్టె కొక్కెం కింద నాకు నిద్ర రాదు రమా. నన్ను అడుగకు' అన్నడు. 'నేనే వస్త మరి' అన్న. అవునన్లే, కాదన్లే. అత్తను ఒప్పిచ్చుకోని పోదామనుకుంటున్న. ఆమె ఈ గల్లీ ఇడిచి వస్తదో రాదో. వచ్చినా, మేం ముగ్గురం ఒక్క అర్రల ఎట్ల ఉంటమో, ఏం మాట్లాడుకుంటమో నాకెరుకలేదు. బిడ్డ రాదు గద.

నిన్ను మాఫ్ చేసిన్నా అంటే, తెల్వది. నీ పుస్తకం యాదికొస్తె ఇప్పటికి కోపమొస్తది. నన్ను నేను చేసుకోలే, నిన్నేం చేస్త. నువ్వు అప్పుడే గోలేటికి రాకు. నేను పిలిచేదాక ఆగు.

బస్సెక్కిచ్చేతందుకు వచ్చి ఆయన నీ సంగతి అడిగిండు. 'ఈ ఏడుతోని యమున డిగ్రీ అయిపోవాలె గద, అయిందా' అన్నడు. ఆయన ముఖం చూసి అయిందని చెప్పిన. 'పట్టా వచ్చిందా' అన్నడు. వచ్చిందన్న. ఆయన అటు తిరిగి కండ్లు తుడుసుకున్నడు. రెండు దినాలల్ల ఆయన ఏడ్సింది అప్పుడొక్కటే.

ఇగ ఆయనకు అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. పొయి మళ్ల పేరు రాయిచ్చుకో.

రమ